మా ఊరి హిమాలయంలో కటుకరోహిణి

"హిమాలయాలు చేతులెత్తేసిన చోట నెల్లూరు చెయ్యి అందిస్తుంది. అంతరించిపోతున్న కటుకరోహిణికి ఇకమీదట మన సముద్రతీరమే పుట్టిల్లు, మెట్టినిల్లు, ఆస్పత్రి!" అని అరుదైన మూలికల శాఖ మంత్రి పద్మనాభయ్య గారు మా ఊరి ఇసకలో నిలబడి ప్రకటించిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆయన వెనక కట్టిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ నేను వేసిందే. సముద్రపు గాలికి అది వచ్చి ఆయన మీద పడకుండా వెనక నుంచి పట్టుకుని నిలబడ్డాను. అందువల్ల ఆయన ముఖం కనిపించలేదు గాని మాట మాత్రం ఒక్కటి కూడా పొల్లుపోలేదు.

నా పేరు టైటస్. గ్రామ సచివాలయానికి ఎదురుగా జిరాక్సు, లామినేషను, ఫ్లెక్సీ ప్రింటింగు షాపు నాది. మా ఊరు జువ్వలదిన్నె హార్బరు నుంచి తీరం వెంబడి దక్షిణంగా వస్తే తగులుతుంది. పేరు మాత్రం రాయడం లేదు. 'దక్షిణ హిమగిరి' అని మార్చే ఆలోచన ఉంది, తొందరపడి పాత పేరు బయటపెట్టొద్దని మంత్రిగారి పి.ఏ. నాకు చెప్పాడు. మా ఊళ్లో ప్రభుత్వం ఏ మంచి పని చేసినా దాని కాగితం నా మిషను మీదుగానే పోతుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు రాయడానికి నాకంటే తగినవాడు లేడని నా నమ్మకం.

కటుకరోహిణి అంటే తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇవి నావి కావు, మా ఉద్యాన అధికారి జ్ఞానప్రకాశం గారివి. ఆయన మా చర్చిలో సంఘపెద్ద, అబద్ధం చెప్పలేని మనిషి. ఈ మొక్క హిమాలయాల్లో చెట్లు కూడా పెరగలేని ఎత్తున, రాళ్ల సందుల్లో, నేలను కరుచుకుని ఉంటుంది. మందంతా వేరులోనే. ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుంటే పూటంతా చేదు వదలదు. కాలేయానికీ, కామెర్లకీ, పట్టుకుని పీడించే జ్వరాలకీ ఆయుర్వేద వైద్యులు తరతరాలుగా వాడుతున్నారు. వేరు కావాలంటే మొక్కను పెళ్లగించాలి. మళ్లీ నాటితే చేతికి రావడానికి మూడేళ్లు పడుతుంది. పెళ్లగించేవాళ్లు ఎక్కువ, నాటేవాళ్లు తక్కువ కావడంతో అది కొండల మీద కనుమరుగవుతోంది.

ఇంత మంచి మొక్క కష్టాల్లో ఉంటే మంత్రిగారు చూస్తూ ఊరుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే సచివాలయంలో సమీక్ష పెట్టారు. కాగితాలు అందించే మిషతో నేనూ ఒక మూల నిలబడ్డాను.

"సార్, ఆ మొక్క మూడు వేల మీటర్ల ఎత్తులో గాని బతకదు" అన్నాడు జ్ఞానప్రకాశం గారు.

"యాడ నుంచి మూడు వేలు?"

"సముద్ర మట్టం నుంచి సార్."

"సముద్రం యాడుండాది?"

"ఇదిగో సార్, ఈ గోడ అవతలే."

"ఇంకేంది మరి? హిమాలయాలోళ్లు పాపం అంత దూరం నుంచి కొలుచుకోవాల. మనకి పక్కనే పెట్టుకుని భయపడతా ఉండాం."

గదిలో అందరం చప్పట్లు కొట్టాం. జ్ఞానప్రకాశం గారు మాత్రం పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

"ఇంకొకటి సార్. వేరు చేతికి రావడానికి మూడేళ్లు పడుతుంది."

"ఎన్నికలు రెండేళ్లలో ఉండాయి జ్ఞానప్రకాశం. ఆ సంగతి మొక్కకి ఎవురూ చెప్పలేదా?"

చెప్పలేదని ఒప్పుకున్నాడు ఆయన. నిజాయితీపరుడని చెప్పానుగా.

మర్నాటి నుంచి పర్వతం పని మొదలైంది. సరుగుడు తోటకూ సముద్రానికీ మధ్య మాకు ఒక ఇసకదిబ్బ ఉంది. నాలుగు జేసీబీలు పెట్టి చుట్టుపక్కల ఇసకంతా దాని మీదికి ఎత్తి పోశారు. పదిరోజులకి దిబ్బ పదకొండు మీటర్లయింది. పన్నెండో మీటరు పోసినప్పుడల్లా గాలికి జారి సరుగుడు తోటలోకి పోయేది. మిగిలిన రెండు వేల తొమ్మిది వందల ఎనభై తొమ్మిది మీటర్లను ఇసకతో సాధించడం కష్టమనీ, కాగితంతో సాధించాలనీ నిర్ణయమైంది. ఇటువంటి చోటే పరిపాలన తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ తేడా కనిపిస్తుంది.

పర్వత ధ్రువీకరణ పత్రానికి నమూనా ఎక్కడా దొరకలేదు. కులం సర్టిఫికెట్టు నమూనానే కొద్దిగా మార్చి నేనే టైపు చేశాను. తండ్రి పేరు అన్న గడిని తీసెయ్యడానికి వీల్లేదన్నారు కాబట్టి అందులో 'ఇసకదిబ్బ' అని రాశాం. 'పైన తెలిపిన స్థలము మూడు వేల మీటర్ల ఎత్తుగల పర్వతమని విచారణలో తేలినది' అని సంతకమై వచ్చింది. లామినేషను కూడా చేసిచ్చాను. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో చెప్పుకోవాలని నోటీసు అంటించారు.

ఒక్కటే అభ్యంతరం వచ్చింది. అది పిచ్చమ్మక్కది. పిచ్చమ్మక్క మొగుడు రమణయ్య వేటకి పోతాడు, తెచ్చిన చేప ఈమె అమ్ముతుంది. ముప్పయ్యేళ్లుగా తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి, ఇప్పుడు ఆటోలో కావలి దాకా పోయి అమ్ముకొస్తుంది. ఎవరికీ భయపడదు.

"ఆ దిబ్బ మీద మేం చేపలు ఎండేసుకుంటాం గదా సార్. కొండ చేసేస్తే యాడ ఎండేసుకునేది?" అని అడిగింది.

"పర్వతాల మీద చేపలు ఎండబెట్టే ఆచారం దేశంలో ఎక్కడా లేదు" అని రాసి అభ్యంతరం కొట్టేశారు. అది నిజమే కూడా.

ఎత్తు కుదిరింది. ఇక చలి కావాలి. మా ఊళ్లో చలి ఉన్నది ఒక్క చోటే, మస్తాన్ గారి ఐసు ప్లాంటులో. అప్పుడు వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని పడవలు సముద్రంలోకి పోవు. ప్లాంటు ఖాళీ. మస్తాన్ గారు కుర్చీ వేసుకుని ఈగలు తోలుకుంటున్నాడు. ఆ సమయంలో ప్రభుత్వమే వచ్చి ఐసంతా మాకే కావాలంటే ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. 'ప్లాంటులో తయారగు ఐసు యావత్తూ తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు పర్వతమునకే' అని జీవో వచ్చింది. అది అందినట్టు మస్తాన్ గారు సంతోషంగా సంతకం పెట్టాడు. జూన్ గురించి అప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. నాకూ రాలేదు.

పన్నెండు వందల మొక్కలు ఏసీ లారీలో కొండల నుంచి బయల్దేరి వచ్చాయి. ముహూర్తం మంత్రిగారే పెట్టారు. పేరులో రోహిణి ఉంది కాబట్టి రోహిణి కార్తెలోనే నాటాలన్నారు. నెల్లూరు జిల్లాలో రోహిణి కార్తె అంటే ఏమిటో ఆ మొక్కలకి తెలిసే అవకాశం లేదు. ఆ రోజు ఎండ నలభై నాలుగు. మంత్రిగారు స్వెట్టరు వేసుకుని వచ్చారు. పర్వతం మీదికి స్వెట్టరు లేకుండా పోతే జనానికి తప్పుడు సంకేతం వెళ్తుందట. మొదటి మొక్క నాటి, ఐసు ముక్క ఒకటి తల మీద పెట్టుకుని, "అబ్బ, ఏం చలి!" అన్నారు. ఆ మాట నిజంగానే అన్నారు, నేను పక్కనే ఉన్నాను.

నాలుగో రోజుకి పన్నెండు వందల మొక్కలూ వాడి, ఎండి, నేలకు అతుక్కుపోయాయి. జ్ఞానప్రకాశం గారు ఒక్కొక్కటీ వంగి చూశాడు. ఆ మొక్కలంటే ఆయనకి నిజంగా ప్రేమ. షాపుకొచ్చి, 'అన్నియు చనిపోయినవి' అని ఒక్క వాక్యం టైపు చేయించుకుని పంపాడు. ఆయన ఇంకా షాపులో ఉండగానే, గంటలో మంత్రిగారి ఫోను వచ్చింది. స్పీకరు పెట్టమన్నారు.

"జ్ఞానప్రకాశం, నువ్వు చదువుకున్నోడివా కాదా? హిమాలయాల్లో మంచు పడితే ఆ మొక్క ఏమవతాది?"

"పైన ఆకు రాలిపోతుంది సార్. వేరు కింద నిద్రావస్థలో ఉంటుంది. ఎండాకాలానికి మళ్లీ చిగురిస్తుంది."

"మనం ఐసు పోసినామా లేదా?"

"పోశాం సార్."

"ఆకు రాలిందా లేదా?"

"రాలింది సార్."

"అయితే నిద్రపోతా ఉండాయి. చనిపోయినాయి అని రాసి వాటి ఉసురు పోసుకోబాక."

జ్ఞానప్రకాశం గారు ఫోను పెట్టేసి నా మిషను దగ్గరికి వచ్చాడు. 'మొక్కలు నిద్రించినవి' అని టైపు చెయ్యమన్నాడు. "మన సమాధుల మీద కూడా అట్లాగే రాస్తాం కదా టైటస్" అన్నాడు. నేను అవునన్నాను. ఆయన మనసు కుదుటపడింది.

నాకు ఆ వారం చేతినిండా పని. 'మొక్కలు నిద్రపోతున్నాయి. దయచేసి నిశ్శబ్దం పాటించండి' అని పర్వతం నాలుగు వైపులా ఫ్లెక్సీలు కట్టాం. కుక్కలు మొరక్కుండా ఒక కానిస్టేబులును పెట్టారు. ఆదివారం ఆరాధనలో మైకు తగ్గించి, మెల్లగా పాడుకున్నాం. నెల్లూరు నుంచి కుటుంబాలతో కార్లలో వచ్చి, దూరంగా నిలబడి, నిద్రపోతున్న మొక్కల్ని చూసి మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లేవాళ్లు. ఏమీ కనిపించకపోయినా ఎవరూ నిరాశపడలేదు. నిద్రలో ఉన్నవాళ్లని దుప్పటి తీసి చూడం కదా.

అంతలో జూన్ పదిహేను వచ్చింది.

రెండు నెలలు ఒడ్డున కూర్చున్న పడవలన్నీ ఆ తెల్లవారుజామున ఒక్కసారిగా సముద్రంలోకి పోయాయి. రమణయ్య పడవ కూడా పోయింది. నిషేధం అయ్యాక మొదటి వేటంటే మావాళ్లకి పండగ. వంజరం, చందువ, కవళ్లు పడవలకి పట్టనంత పడ్డాయి. తొమ్మిదింటికి ఒడ్డుకొచ్చి, మస్తాన్ గారి ప్లాంటు దగ్గర తట్టలు పెట్టుకుని వరసలో నిలబడ్డారు.

"ఐసు లేదక్కా" అన్నాడు మస్తాన్ గారు పిచ్చమ్మక్కతో, ముఖం చూపించలేక. "అంతా కొండకి పోవాల. జీవో ఉండాది. ఇస్తే ప్లాంటు సీలు వేస్తామన్నారు."

"కొండకి ఐసు దేనికి మస్తానన్నా? అదేమన్నా చెడిపోతాదా?"

ఆయన ప్లాంటు తలుపు దగ్గరికి లాక్కున్నాడు. ఒడ్డున కాచుకున్న దళారులకి మాత్రం సంగతి అర్థమైంది. ఎండ నెత్తికెక్కే దాకా ఎవరూ బేరం మొదలుపెట్టలేదు. చేప కన్ను తెల్లబడడం మొదలయ్యాక వచ్చి, తోచిన ధర చెప్పి ఎత్తుకుపోయారు. పిచ్చమ్మక్క వంజరాలు అట్లాగే పోయాయి. చిన్న చేప, కవళ్లకైతే ఆ ధర కూడా రాలేదు. ఇసకలో గుంట తీసి పూడ్చిపెట్టింది. ఏడవలేదు. ఒంటి మీది ఉప్పునీళ్లు ఆరిపోయిన చీరతో వచ్చి నా షాపు మెట్టు మీద కూర్చుంది. ఆ రోజు ఫ్లెక్సీ ఒకటి ప్రింటవుతూ ఉంటే మిషను ఆపేశాను.

"టైటసూ, ఒక అర్జీ రాయి నాయనా" అంది. "నాకు కొండా వద్దు, మందూ వద్దు. రోజూ నా చేపకి సరిపడా ఐసు ఇస్తే చాలు. రేపు మళ్లా పోవాల మా ఆయన. తెచ్చిందంతా పూడ్చి పెట్టడానికేనా?"

రాశాను. మూడు రోజులకే జవాబు వచ్చింది. ఇంత త్వరగా జవాబిచ్చే శాఖ ఇంకొకటి నేను చూడలేదు. 'మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడినది. చేపలు అంతరించిపోతున్న జాబితాలో లేనందున ఐసు పొందుటకు అర్హత లేదు. అంతరించిన పిమ్మట తిరిగి దరఖాస్తు చేసుకొనగలరు.'

పిచ్చమ్మక్కకి చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమంది. తర్వాత కాగితం మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ పర్వతానికి కూడా ఒక కష్టం వచ్చింది. సచివాలయం సిబ్బంది ఐసు దిమ్మల్ని తెచ్చి ఇసక మీద ఎక్కడపడితే అక్కడ దొర్లించేవాళ్లు. సాయంత్రానికి అంతా నీళ్లయి, పర్వతం ఒక పక్క జారిపోయేది. ఢిల్లీ నుంచి పరిశీలన బృందం వస్తుందని కబురొచ్చింది. అప్పటికి మంచు నిలిచి ఉండాలి. ఐసు పరవడం చేతనైనవాళ్లెవరని జ్ఞానప్రకాశం గారు విచారిస్తే ఊరంతా ఒకే పేరు చెప్పింది.

పిచ్చమ్మక్కకి ఉద్యోగం వచ్చింది. 'హిమపాత సహాయకురాలు' అని గుర్తింపు కార్డు నేనే తయారుచేశాను. ఫోటోలో నవ్వమంటే నవ్వలేదు.

"ఎట్టా పరవాల సార్?" అని అడిగింది మొదటి రోజు.

"నువ్వు రోజూ ఎట్లా పరుస్తావో అట్లాగే పరువమ్మా. ముప్పయ్యేళ్ల అనుభవం. నేను నీకు చెప్పేదేముంది?" అన్నాడు జ్ఞానప్రకాశం గారు. నేను విన్నాను, మస్తాన్ గారు కూడా విన్నాడు.

అధికారి చెప్పినట్టే చేసింది. ఆమెకి తెలిసిన పద్ధతి ఒకటే. అడుగున ఊక పోయాలి. దాని మీద ఐసు కొట్టి ఒక వరస పరవాలి. దాని మీద చేప ఒక వరస, తలలన్నీ ఒకే వైపుకి. మళ్లీ ఐసు. మళ్లీ చేప. అన్నిటి మీద ఊక, ఆ పైన తడి గోతాలు. మధ్యలో చేప వరస లేకుండా వట్టి ఐసు పరవడం ఆమెకి రాదు. వాళ్లమ్మ నేర్పలేదు.

అప్పటి నుంచి మంచు కరగడం మానేసింది. అంతకుముందు రోజుకి మూడు ట్రాక్టర్లు పట్టే ఐసు ఒకటిన్నరతో సరిపోయేది. పర్వతం ఒక్క అంగుళం కూడా జారలేదు. మంత్రిగారు సంతోషించి మరో ఆరుగురు హిమపాత సహాయకురాళ్లను నియమించారు. ఆరుగురూ చేపలమ్మే ఆడవాళ్లే. పొద్దున పడవలు రాగానే ఏడుగురూ తట్టలు ఎత్తుకుని పర్వతం ఎక్కేవాళ్లు. తట్టల్లో ఏముందని అడగడానికి కానిస్టేబులుకి వీల్లేదు. అక్కడ నిశ్శబ్దం పాటించాలి. దళారులు ఒడ్డున కాచుకుని, ఎండలో వాళ్లే వాడిపోయి, వీళ్లు చెప్పిన ధరకి కొనుక్కుపోవడం మొదలుపెట్టారు. పిచ్చమ్మక్క మళ్లీ ఆటోలో కావలి పోతోంది. ముఖంలో కళ వచ్చింది.

ఒక మధ్యాహ్నం జ్ఞానప్రకాశం గారు ఉష్ణోగ్రత చూద్దామని థర్మామీటరు కడ్డీని మంచులోకి దించాడు. అది మెత్తగా దేన్నో గుచ్చుకుంది. గోతం పైకెత్తి చూసి, మళ్లీ కప్పి, నేరుగా పిచ్చమ్మక్క దగ్గరికి వచ్చాడు.

"పిచ్చమ్మా, లోపల ఉన్నదేంది?"

"మీరే గదా సార్ రోజూ పరిచినట్టే పరవమన్నారు?"

ఆయన కడ్డీని రుమాలుతో తుడుచుకున్నాడు. లోపల చేపలున్నాయని రాస్తే, మరి మొక్కలెక్కడ అని అడుగుతారు. మొక్కల సంగతి చెప్తే, నిద్ర సంగతి చెప్పాలి. నా షాపుకొచ్చి మంచినీళ్లు అడిగి తాగాడు. "ఎవరూ నన్ను నేరుగా అడగకుండా ఉంటే బాగుండు టైటస్" అన్నాడు.

ఢిల్లీ బృందం జులై మొదటి వారంలో వచ్చింది. ముగ్గురు. నాయకుడు పొడవాటి పెద్దాయన, ఖద్దరు కోటు, ఇంగ్లీషు తప్ప ఇంకో మాట లేదు. ఆయన అడిగేది జ్ఞానప్రకాశం గారు తెలుగులో చెప్పేవాడు. పర్వత ధ్రువీకరణ పత్రం చూశారు. లామినేషను బాగుందన్నారు. మెట్లెక్కి శిఖరానికి చేరారు. ముగ్గురూ చేతులు పెట్టి చూసి, మంచు నిజమైనదేనని రాసుకున్నారు.

"మొక్క ఏది?" అని అడిగాడు నాయకుడు.

"నిద్రలో ఉంది సార్" అన్నారు మంత్రిగారు గుసగుసగా.

"మాకు వేరు చూపించాలి. మందు వేరులో కదా ఉండేది? అది చూడకుండా నివేదిక రాయలేం."

జ్ఞానప్రకాశం గారు గోతానికి అడ్డంగా వచ్చాడు. "తవ్వితే నిద్ర చెడుతుంది సార్" అన్నాడు. ఎటుచూసినా ఆయన అన్న మాటల్లో తప్పు పట్టడానికి లేదు.

"దేశం కోసం ఒక్క మొక్క లేచినా తప్పులేదు!" అన్నారు మంత్రిగారు. రిబ్బను కట్టిన చిన్న పార తెప్పించారు. అన్ని ఛానళ్ల కెమెరాలూ చుట్టూ మూగాయి. ఆయన కెమెరాల వైపే చూస్తూ గోతం తొలగించి, ఊక తోసి, ఐసులోకి పార దించి, చేత్తో పట్టుకుని బలంగా లాగి, పైకెత్తి పట్టుకున్నారు.

"ఇదే కటుకరోహిణి వేరు! హిమాలయాల్లో ఇంత లావు వేరు ఎవరైనా చూశారా? నేను అడుగుతా ఉండా, చూశారా?"

ఎవరూ చూడలేదు. ఆయన చేతిలో ఉన్నది మూడడుగుల వంజరం. ఎండకి వెండిలా మెరుస్తోంది.

కెమెరామన్లు కెమెరాలు దించారు. మంత్రిగారు అప్పుడు తలతిప్పి తన చేతిలోకి చూసుకున్నారు. 

"ఏమిటది?" అన్నాడు నాయకుడు.

మంత్రిగారు జ్ఞానప్రకాశం గారి వైపు చూశారు. ఆయన అబద్ధం చెప్పలేడు, నిజం చెప్తే ఉద్యోగం ఉండదు.

"సార్, దాన్ని అందులో పరిచినవాళ్లనే అడగడం సమంజసం" అన్నాడు చివరికి.

అందరూ పిచ్చమ్మక్క వైపు తిరిగారు. చేప అని ఒక్క మాట అంటే సాయంత్రానికి ఐసు ఆగిపోతుంది. పర్వతంలో ఉన్నది ఏడు కుటుంబాల నాలుగు రోజుల వేట. అదంతా జప్తు చేస్తారు. రమణయ్య ఆ క్షణాన సముద్రంలో ఉన్నాడు, రేపటి చేపతో వస్తున్నాడు. మళ్లీ ఇసకలో గుంట తియ్యాలి. ముప్పయ్యేళ్లుగా 'చేపలో' అని వీధి వీధీ అరిచిన మనిషి ఆమె.

పిచ్చమ్మక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. వంజరాన్ని తల నుంచి తోక దాకా ఒకసారి చూసింది.

"వేరు సార్" అంది.

"వేరా?"

"మా ఇసకలో ఇట్టానే దిగుతాది."

బృందంలో రెండో ఆయన దగ్గరికొచ్చి వంగి చూశాడు. "కళ్లున్నాయే?"

"నిద్రలేచే ముందు తెరుస్తాది సార్. అందుకే తవ్వబాకండి అనింది మా సారు."

"ఈ మెరిసే తోలు?"

"చలికి పొట్టు కట్టింది."

"తోక?"

"అది చిగురు సార్."

జ్ఞానప్రకాశం గారు అన్నీ రాసుకుంటున్నాడు. తర్వాత ఆ కాగితం నేనే జిరాక్సు తీశాను కాబట్టి తెలుసు. ప్రతి వాక్యం చివరా 'అని పిచ్చమ్మ గారు చెప్పినారు' అని ఉంది.

మంత్రిగారికి ప్రాణం లేచొచ్చింది. వంజరాన్ని భుజం మీద పెట్టుకుని కెమెరాల వైపు తిరిగారు. ఆయన గొప్పదనం అక్కడుంది, మూడేళ్ల పంటని నెలన్నరలో తీసి కూడా గర్వపడలేదు. ఈ ఘనత మత్స్యకార సోదరీమణులదేనన్నారు. పర్వతానికి ఐసు కోటా అక్కడికక్కడే రెట్టింపు చేశారు. హిమపాత సహాయకురాళ్ల సంఖ్యను ఏడు నుంచి నలభైకి పెంచారు. మా ఊళ్లో చేపలమ్మే ఆడవాళ్లు సరిగ్గా నలభై మంది. మస్తాన్ గారు జనం వెనక నిలబడి చప్పట్లు కొడుతూ కళ్లు తుడుచుకున్నాడు.

బృందం నాయకుడు మాత్రం చప్పట్లు కొట్టలేదు. వంజరాన్ని చేతిలోకి తీసుకుని, మొప్ప కింద వేలు పెట్టి ఎత్తి, లోపలి ఎరుపు చూశాడు. వేలితో నొక్కి చూశాడు. ప్యాడు తెరిచి నివేదికలో ఏదో రాశాడు. 'నాణ్యత: అత్యుత్తమం' అని నాకు కనపడింది. పరీక్షకి ఢిల్లీ ల్యాబుకి నాలుగు కిలోల నమూనా కావాలని ఇంగ్లీషులో అడిగాడు. నాలుగేమిటి, పది తీసుకుపొమ్మన్నారు మంత్రిగారు.

జనం మెట్లు దిగిపోతున్నారు. శిఖరం మీద ఆయనా, పిచ్చమ్మక్కా మిగిలారు. నేను ఫ్లెక్సీ తాళ్లు విప్పుతూ వెనకే ఉన్నాను. పిచ్చమ్మక్క మంచులో నుంచి ఇంకో వేరు బయటికి తీసి, గోతం మీద పెట్టి, కత్తి చేతిలోకి తీసుకుంది. ఆయనకి తెలుగు రాదు కదా అని చేత్తో సైగ చేస్తూ అడిగింది.

"ముక్కలు కొట్టియ్యనా సార్, అట్టానే కట్టియ్యనా?"

ఆయన చుట్టూ ఒకసారి చూశాడు. కోటు గుండీ విప్పుకుని ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ముక్కలే కొట్టు తల్లీ" అన్నాడు మెల్లగా. "తలకాయ మటుకు పారెయ్యబాక. పులుసులోకి అది లేకపోతే ఎట్టా?"